నైన్త్ గ్రేడ్ ఇంగ్లీష్ క్లాసంటే పాప ఏడుస్తోంది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల జూన్‌లో విజయవాడ నుంచి టెక్సాస్ వచ్చాం. డాలస్ దగ్గర ఉంటున్నాం. మా పాపకి 14 ఏళ్ళు. అక్కడ ఎనిమిదో తరగతి పూర్తిచేసింది. ఆగస్టు రెండో వారంలో ఇక్కడ నైన్త్ గ్రేడ్ మొదలవుతుంది. లెక్కలు, సైన్స్ అంటే దానికి భయం లేదు. ఇంగ్లీష్ లిటరేచర్ పేరెత్తితే మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. షేక్‌స్పియర్ నాటకం చదవాలట, క్లాసులో నోరు తెరిచి మాట్లాడితేనే మార్కులట, గైడ్లు ఉండవట. ఈయనేమో హానర్స్ (మామూలు కన్నా కష్టంగా ఉండే పై స్థాయి క్లాసు) తీసుకోవాల్సిందే, లేకపోతే ర్యాంకు పోతుంది అంటున్నారు. స్కూల్ ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగారు. తెలుగు అని రాస్తే పాపని వేరే క్లాసులో కూర్చోబెడతారు, ఇంగ్లీష్ అనే రాయండి అని తెలిసినవాళ్ళు చెబుతున్నారు. నేను తెలుగు మీడియంలో బీఏ చదివాను. నేనేం సాయం చేయగలను? ట్యూషన్ పెట్టించాలా?
- ఒక తల్లి, టెక్సాస్

సమాధానం:

అమ్మా,

ముందు ఆ ఫారం సంగతి తేల్చేద్దాం. తెలుగు అనే రాయండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీష్ అని రాసి సంతకం పెట్టడం మంచిది కాదు, ఆ అవసరమూ లేదు. తెలుగు అని రాస్తే పాపకి ఒక పరీక్ష పెడతారు. ఇంగ్లీష్ వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం ఎంతవరకు వచ్చో చూస్తారు. టెక్సాస్‌లో అయితే బడిలో చేరిన నాలుగు వారాల్లోపు ఈ సంగతి తేల్చాలి. బాగా వస్తే అక్కడితో సరి, మామూలు క్లాసే. ఇంకా రావాలి అనిపిస్తే ఈఎస్‌ఎల్ (ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీష్ నేర్పే ఏర్పాటు) కింద సాయం ఇస్తామని మీకు కాగితం పంపి అనుమతి అడుగుతారు. వద్దనే హక్కు మీకుంది. చాలా హైస్కూళ్ళలో ఈఎస్‌ఎల్ అంటే పిల్లని తీసుకెళ్ళి విడిగా కూర్చోబెట్టడం కాదు, ఆ శిక్షణ ఉన్న ఇంగ్లీష్ టీచర్ క్లాసులో వేయడం. మీ స్కూల్లో ఎలా చేస్తారో అక్కడ పిల్లల క్లాసుల ఎంపిక చూసే కౌన్సిలర్‌ని అడగండి. అబద్ధం రాసిన తరువాత, అక్టోబరులో పాప నిజంగా ఇబ్బంది పడితే ఏ మొహం పెట్టుకుని సాయం అడుగుతాం?

ఇక హానర్స్. మీవారి టెన్షన్‌కి కారణం ఉంది. టెక్సాస్‌లో 1997లో వచ్చిన చట్టం ప్రకారం హైస్కూల్ ర్యాంకుల్లో మొదటి 10 శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి ఆ హద్దు ఇంకా తక్కువ, 2026లో చేరేవాళ్ళకైతే 5 శాతమే. నైన్త్ గ్రేడ్ మార్కుల నుంచే జీపీఏ (అన్ని సబ్జెక్టుల గ్రేడ్ల సగటు) లెక్క మొదలవుతుంది, హానర్స్ క్లాసుకి చాలాచోట్ల అదనపు పాయింట్లు కలుపుతారు. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆగస్టు నెలంతా ఈ లెక్కలే.

అయినా నా సలహా, ఈ ఒక్క ఏడాదికి ఇంగ్లీష్‌లో మామూలు క్లాసు తీసుకోండి. లెక్కల్లో, సైన్స్‌లో హానర్స్ పెట్టండి, అక్కడ పాప నిలబడుతుంది. కొత్త దేశం, కొత్త బడి, కొత్త ఉచ్చారణ, వీటన్నిటితోపాటు హానర్స్ ఇంగ్లీష్ కూడా మోస్తూ సీ గ్రేడ్ తెచ్చుకుంటే అదనపు పాయింట్లు ఆ నష్టాన్ని పూడ్చలేవు. టెన్త్ గ్రేడ్‌లో హానర్స్‌కి మారవచ్చు. పాప తనంతట తానే ఇంగ్లీష్ కథల పుస్తకం పట్టుకుని చివరిదాకా వదలకుండా చదివే రకమైతే మాత్రం నా మాట పక్కన పెట్టి హానర్స్‌లోనే వేయండి. ఏది తీసుకున్నా, క్లాసు మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో మొదటి వారంలోనే కనుక్కోండి.

ఇప్పుడు అసలు విషయం. నేను గుంటూరు జిల్లాలో చదువుకుని, ఇక్కడికొచ్చి 11 ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పాను. ఒక ఏడాది నా క్లాసులోకి మన తెలుగబ్బాయి ఒకడొచ్చాడు. చాలా తెలివైనవాడు. మొదటి వ్యాసం రాసిచ్చాడు, తప్పు అన్నది లేదు. అంత బాగా ఉండడమే నాకు అనుమానం తెప్పించింది. వెతికితే ఇంటర్నెట్‌లో ఉన్న ఒక సారాంశం, అక్షరం పొల్లుపోకుండా. పిలిచి అడిగాను. ‘‘కాపీ కొట్టలేదు మేడమ్, బట్టీ పట్టి రాశాను’’ అన్నాడు. నిజమే చెప్పాడు. ఎనిమిదేళ్ళుగా వాడికి మార్కులు తెచ్చిపెట్టిన పద్ధతే అది. గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తే అక్కడ పదికి పది. ఇక్కడ అదే పనికి సున్నా వేసి, ఇంటికి ఉత్తరం పంపుతారు. వాడికి ఈ తేడా ఎవరూ చెప్పలేదు. క్లాసు మొదలైన రోజున నేను చెప్పి ఉండాల్సింది, నేనూ చెప్పలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

బడి అయిపోయాక వాడిని కూర్చోబెట్టి తెలుగులో అడిగాను, ‘‘ఆ సీను చదివితే నీకేమనిపించింది?’’ అని. ‘‘ఏం రాస్తే కరెక్ట్ మేడమ్?’’ అన్నాడు.

అమ్మా, మీ పాప ఏడుపు వెనక ఉన్నది కూడా ఈ ప్రశ్నేనని నాకనిపిస్తోంది. భాష రాదన్న భయం దాని తరువాతే. ఎనిమిదో తరగతిదాకా విజయవాడలో చదివిన పిల్లకి ఇంగ్లీష్ చదవడం, రాయడం వచ్చే ఉంటుంది. రానిది, ఒకే ఒక్క సరైన జవాబు లేని చోట నిలబడి తన మాట తాను చెప్పడం. ఇక్కడి లిటరేచర్ క్లాసు అడిగేది అదే. ‘ఈ పాత్ర ఎందుకిలా చేసింది? నీ అభిప్రాయం చెప్పు. నీ అభిప్రాయానికి ఆధారం పుస్తకంలో ఏ వాక్యంలో ఉందో చూపించు. ఆ వాక్యం నీ మాటని ఎలా నిలబెడుతుందో వివరించు.’ మొదటి తొమ్మిది వారాలు అటు తిప్పి ఇటు తిప్పి నేర్పేది ఈ మూడే. నలుగురు పిల్లలు నాలుగు అభిప్రాయాలు రాసినా, ఆధారం గట్టిగా చూపిస్తే నలుగురికీ అన్నిటికన్నా పైదైన ‘ఎ’ గ్రేడే రావచ్చు.

ఆ అబ్బాయి సంగతి పూర్తి చేస్తాను. మేము అప్పుడు షేక్‌స్పియర్ నాటకం రోమియో అండ్ జూలియట్ చదువుతున్నాం, పగబట్టిన రెండు కుటుంబాల పిల్లల ప్రేమకథ. తండ్రి చూసిన సంబంధం చేసుకోనని జూలియట్ ఎదురు చెబుతుంది, తండ్రి ఇంట్లోంచి గెంటేస్తానని అరుస్తాడు, ఆ సీను. నేను అడిగిందే అడుగుతూ కూర్చున్నాను. చివరికి వాడు తెలుగులో అన్నాడు, ‘‘నాన్న తిట్టడం కాదు మేడమ్. నాన్నలు తిడతారు. వాళ్ళమ్మ నాతో మాట్లాడకు, నీతో నాకు పని లేదు అని వెళ్ళిపోతుంది చూడండి, అప్పుడు ఆ అమ్మాయికి ఎవరూ లేకుండా పోయారు.’’ ఆ మాట నాటకంలో ఉంది, మూడో అంకం అయిదో దృశ్యంలో, తల్లి నోటి నుంచే. ‘‘ఇదే రాయి. ఆ లైను ఎత్తి రాసి, ఇప్పుడు నాతో చెప్పింది ఇంగ్లీష్‌లో రాయి’’ అన్నాను. వ్యాకరణం తప్పులతో ఒక్క పేరా రాశాడు. ఆ ఏడాది నేను దిద్దిన కాగితాల్లో దానిదే పెద్ద పీట.

ఇది మన పిల్లలకి పూర్తిగా కొత్త విద్య కాదు. పాప తెలుగు పరీక్షలో సందర్భ సహిత వ్యాఖ్యలు రాసే ఉంటుంది కదా. ఒక వాక్యం ఇస్తే అది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాసి, భావం రాయాలి. ఇక్కడి పేరాలో సగం పని అదే. పద్యానికి ప్రతిపదార్థం రాయడం అలవాటుంటే ఇంకా నయం. క్లాసులో టీచర్ ‘యానటేట్ చెయ్యి’ అంటారు. అంటే చదువుతూ పెన్సిల్‌తో అంచున రాసుకోవడం, కొత్త మాటకి అర్థం, అనుమానం వచ్చినచోట ఒక ప్రశ్న, మనసుకి తగిలినచోట ఒక గీత. పుస్తకం స్కూల్‌దైతే అందులో రాయకూడదు, చిన్న స్టిక్కీ నోట్స్ కొనిపెట్టండి. తేడా ఒక్కటే. మనం తాత్పర్యం దగ్గర ఆగిపోతాం. ఇక్కడ తాత్పర్యం దాటి ‘అయితే ఏమిటి?’ దాకా వెళ్ళాలి. ఈ సంగతి పాపకి ఇలాగే, తెలుగు పరీక్షతో పోల్చి చెప్పి చూడండి. ఏమీ రాకుండా వెళ్తున్నాననే బెంగ కొంతైనా తగ్గుతుంది.

షేక్‌స్పియర్ గురించి. అన్ని స్కూళ్ళూ కాకపోయినా చాలాచోట్ల నైన్త్ గ్రేడ్‌లో రోమియో అండ్ జూలియట్ నాటకమే పెడతారు. మీ స్కూల్లో ఏం చదువుతారో సిలబస్ కాగితం మొదటి వారంలో ఇస్తారు. ఒకవేళ ఇదే అయితే భయపడకండి. 1597లో మొదటిసారి అచ్చయిన నాటకం అది, అమెరికాలో పుట్టిన పిల్లలకీ ఆ ఇంగ్లీష్ అర్థం కాదు. క్లాసులో అందరూ ఒకే గీత మీద నిలబడే పాఠం ఏదైనా ఉంటే అది ఇదే. ఉదాహరణకి అందరికీ తెలిసిన ఆ బాల్కనీ సీనులో జూలియట్ ‘వేర్‌ఫోర్’ అంటుంది. రోమియో ఎక్కడున్నావని వెతుకుతోంది అనుకుంటారు సగం మంది. ఆ మాటకి అర్థం ‘ఎందుకు’. నువ్వు రోమియోవి ఎందుకయ్యావు, ఆ ఇంట్లో ఎందుకు పుట్టావు, నీ పేరు వదిలెయ్ అంటోంది. అడ్డం వచ్చింది మనిషి కాదు, ఇంటిపేరు. ఇంటిపేరు వినగానే ఎవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని లెక్కలు కట్టే మనకి ఈ సంగతి ఇంకొకరు విడమర్చి చెప్పాలా? పాపకి చెప్పండి, జూలియట్‌కి పద్నాలుగు కూడా నిండలేదని. కథంతా నాలుగైదు రోజుల్లో అయిపోతుందని. ఆదివారం చూసుకుంటారు, సోమవారం పెళ్ళి. పెద్దవాళ్ళు ఒక్కరైనా కాసేపు ఆగి వినలేదేం అని తనకే అనిపిస్తుంది. ప్రేమకథ పిల్లకెందుకు అని మీకు బెరుకుంటే, ఇదే కథని తల్లిదండ్రుల వైపు నుంచి మీరిద్దరూ మాట్లాడుకోవచ్చు.

ఇంకో మాట, నాటకాన్ని ముందు చదవనివ్వకండి, విననివ్వండి. మా వైపు తిరునాళ్ళలో పద్యనాటకం వేస్తే తెల్లవార్లూ కూర్చునేవాళ్ళం. అర్జునుడు, దుర్యోధనుడు కృష్ణుడి సాయం అడగడానికి వచ్చే పడకసీన్‌లో ప్రతి పద్యానికీ అర్థం తెలిసి విన్నవాళ్ళు ఎంతమంది? రాగం, విరుపు, నటుడి చెయ్యి ఊపడం, వీటితోనే సగం అర్థమయ్యేది. ఇదీ అంతే. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో కార్డు తీసుకోండి, ఊళ్ళో ఉంటున్నట్టు కాగితం చూపిస్తే ఉచితంగా ఇస్తారు. ఆడియో పుస్తకాలు ఉంటాయి. ఒకవైపు పాత మాటలు, ఎదురుగా నేటి ఇంగ్లీష్ ఉండే ప్రతులూ ఉంటాయి, అర్థం కోసం వాటిని చూడడం తప్పు కాదు. వ్యాసం మాత్రం అందులోంచి దించకూడదు.

ఆ గీత ఎక్కడుందో పాపకి మీరే స్పష్టంగా చెప్పండి. మొదటి వారంలో చాలామంది టీచర్లు ఏదో ఒకటి రాయిస్తారు, నీ గురించి రాయి, నీకు నచ్చిన కథ గురించి రాయి అని. పిల్ల ఎక్కడుందో తెలుసుకోవడానికి రాయించేదే అది. దాన్ని మీవారు దిద్దకూడదు, చాట్‌బాట్‌తో రాయించకూడదు. తప్పులుంటే ఉండనివ్వండి. అక్కడ మెరుగులు పెడితే టీచర్‌కి పాప నిజమైన స్థాయి తెలియదు, ఆ తరువాత తను సొంతంగా రాసిన ప్రతి కాగితమూ అనుమానంగా కనిపిస్తుంది.

మాట్లాడే మార్కుల సంగతి. కొన్ని రోజులు కుర్చీలు గుండ్రంగా వేసి, టీచర్ పక్కన కూర్చుని, పిల్లల్నే చర్చించమంటారు. మాట్లాడినదాన్ని బట్టి గ్రేడ్ వేస్తారు. దీనికి ముందురోజు రాత్రి రెండే సిద్ధం చేసుకుని వెళ్ళమనండి. ఒక వాక్యం, పేజీ నంబరుతో సహా. ఒక ప్రశ్న, తనకి నిజంగా అర్థం కానిదే. ప్రశ్న అడగడం కూడా మాట్లాడడమే. చర్చ మొదట్లోనే ఆ ప్రశ్న అడిగేస్తే గుండెదడ తగ్గి మిగతాది వినగలుగుతుంది. చివరిదాకా దాచుకుంటే తను అనుకున్నది ఇంకెవరో అనేస్తారు, ఇక నోరు పెగలదు.

మర్యాదల విషయంలోనూ కాస్త తేడా ఉంది. టీచర్ రాగానే లేచి నిలబడక్కర్లేదు. మాట్లాడేటప్పుడు తలదించుకుంటే మన దగ్గర వినయం, ఇక్కడ వినడం లేదనో ఏదో దాస్తోందనో అనుకునే ప్రమాదం ఉంది. టీచర్‌తో ‘నాకు అలా అనిపించలేదు’ అనడం ఎదురు చెప్పడం కాదు. నిజానికి దానికోసమే మేము ఎదురుచూస్తాం. టెక్సాస్‌లో ‘మ్యామ్’, ‘సర్’ అనడం బాగానే వినిపిస్తుంది, ఆ అలవాటు మానక్కర్లేదు. పేరు విషయంలో మాత్రం మొదటి రోజే గట్టిగా ఉండమనండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, అసలు పేరు తారుమారై, హాజరు పట్టీలో ఇంటిపేరుతో పిలుస్తూ ఉంటారు. టీచర్లు మొదటి రోజు ‘నిన్నేమని పిలవమంటావు?’ అని అడుగుతారు. రెండుసార్లు పలికి వినిపించమనండి. సిగ్గుపడి ఊరుకుంటే ఏడాదంతా ఎవరిదో పేరుకి పలుకుతూ ఉండాలి.

ఇక మీరు. తెలుగు మీడియం బీఏ అని ఏదో తక్కువైనట్టు రాశారు. నాకు అలా అనిపించలేదు. రాత్రి భోజనాల దగ్గర ఒక పదిహేను నిమిషాలు చాలు, ‘ఈరోజు కథలో ఏమైంది?’ అని తెలుగులో అడగండి. తను చెప్పాక, ‘ఎందుకలా చేశాడంటావు?’ అనండి. ఏదో చెబుతుంది. ‘అలాగని ఎక్కడుంది?’ అనండి. పుస్తకం తెచ్చి చూపిస్తుంది, లేదా లేదని తనే తెలుసుకుంటుంది. అంతే. టీచర్ వ్యాసంలో అడిగేది ఈ రెండు ప్రశ్నలే. వీటికి మీకు ఇంగ్లీష్ అక్కర్లేదు.

ఆగస్టు దాకా ఆగకండి. ఈ వారమే భారతంలో కర్ణుడితో మొదలుపెట్టండి. కృష్ణుడు వచ్చి నువ్వు కుంతి పెద్దకొడుకువి, పాండవుల వైపు రా, రాజ్యం నీదే అన్నా కర్ణుడు ఎందుకు వెళ్ళలేదు? కృతజ్ఞత అంటుంది పాప. అభిమానం అంటారు మీరు. మీవారు మూడోది అంటారు. ఎవరి మాటకి కథలో ఆధారం ఉందో వాదించుకోండి. గెలిపించకండి, ఓడించకండి. ఆ వాదనలో పాప వాడిన మాటల్నే మర్నాడు నాలుగు ఇంగ్లీష్ వాక్యాలుగా రాయమనండి. తెలుగులో ఆలోచన స్పష్టంగా ఉంటే ఇంగ్లీష్ వెనకే వస్తుంది. నేను చూసిన పిల్లల్లో వెనకబడిన వాళ్ళెక్కువగా ఇంట్లో తెలుగు మానేసి, వచ్చీరాని ఇంగ్లీష్‌లో అమ్మానాన్నలతో రెండు ముక్కలు మాట్లాడి గదిలోకి పోయేవాళ్ళు. వాళ్ళకి ఏ భాషలోనూ లోతుగా మాట్లాడే చోటు లేకుండా పోయింది.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. ఇక్కడి హైస్కూళ్ళలో టీచర్లు వారంలో కొన్ని రోజులు బడికి ముందో తరువాతో ట్యుటోరియల్స్ పెడతారు, డబ్బేమీ ఉండదు. అర్థం కానిది అడగడానికి ఆ సమయం. మన పిల్లలు అక్కడికి వెళ్తే మొద్దు అనుకుంటారని వెళ్ళరు. టీచర్ మనసులో అలాంటిదేం ఉండదు, వచ్చిన పిల్లని ఇష్టంగా గుర్తుపెట్టుకుంటాం. సెప్టెంబరులో మొదటి ప్రోగ్రెస్ రిపోర్టు చూసి, వెనకబడితే ముందు ట్యుటోరియల్స్‌కి పంపండి. అది కూడా సరిపోకపోతే అప్పుడు డబ్బు పెట్టే ఆలోచన చేద్దాం.

బడి తెరిచే ముందు ‘మీట్ ద టీచర్’ అని ఒక రోజు పెడతారు, మీరిద్దరూ వెళ్ళండి. మీ ఇంగ్లీష్ గురించి సంకోచం వద్దు. తల్లిదండ్రులకి అర్థమయ్యే భాషలో విషయాలు చెప్పే బాధ్యత ఇక్కడి ప్రభుత్వ బడులకి చట్టప్రకారం ఉంది, తెలుగు దుబాసీ కావాలని ముందుగా అడగవచ్చు. దానికి ముందు టీచర్‌కి ఒక చిన్న ఈమెయిల్ పంపండి. పాపనే రాయమనండి, కింద మీ పేరు పెట్టండి. ‘మా అమ్మాయి జూన్‌లో ఇండియా నుంచి వచ్చింది. అక్కడ ఇంగ్లీష్‌లో జవాబులు చూసి నేర్చుకుని రాయడమే అలవాటు, సొంత అభిప్రాయం రాయడం కొత్త. చర్చల్లో మాట్లాడడానికి మొదట్లో కొంచెం సమయం పడుతుంది. మొదటి వ్యాసం ఇచ్చే ముందు ఒకసారి మీ ట్యుటోరియల్స్‌కి పంపిస్తాను, ఏ రోజు వీలవుతుంది?’ ఇంతే రాయండి. మొదటి వారం టీచర్లకి ఊపిరి సలపదు, నాలుగు రోజుల్లో జవాబు రాకపోతే ఏమీ అనుకోకుండా అదే మళ్ళీ పంపండి.